రెక్క పైనున్న విమానం

ఆ పొద్దున కూడా దయానంద్ జీపు ఎక్కే ముందు దాని చుట్టూ ప్రదక్షిణ చేశాడు. నాలుగు టైర్లూ తట్టాడు. పెట్రోలు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. హైదరాబాదులో రెండు నెలలు మకాం వేసి, పొద్దున గాలిలో, మధ్యాహ్నం పుస్తకాల్లో గడిపి, విమానం నడిపే లైసెన్సు తెచ్చుకున్నప్పటి నుంచీ ఆయనకు ఎక్కే ముందు అన్నీ తనిఖీ చేసే ఈ జబ్బు పట్టుకుంది. మొన్న కూర్చోబోయే ముందు నులకమంచం కోళ్ళు కూడా కదిపి చూశాడు.

ఇంకో రోజైతే అరుగు మీదున్న తల్లి గంగుబాయి పడీపడీ నవ్వేది. ఇవాళ మొహం తిప్పుకుంది. పాపం, ఆమెకు ఆకలిగా ఉంది.

"అత్తమ్మా, రొట్టెలైనయి, రాండ్రి" అని కోడలు వత్సల పిలిచింది.

"నాకొద్దు. ఇయ్యాల ఒక్కపొద్దు."

"సోమారం శివునికంటిరి, బేస్తారం దత్తునికంటిరి. ఇయ్యాల బుధారం, ఎవరికి?"

"ఉన్నడొక దేవుడు. నీకెందుకు?"

ఆ దేవుడెవరో గంగుబాయికీ తెలియదు. నాందేడ్‌లో పత్తి మిల్లు నడుపుకునే కొడుకుకు నలభై రెండేళ్ళప్పుడు ఈ గాలి పిచ్చి పట్టుకుంటే మొదట తిట్టింది ఆమే. కానీ లైసెన్సు తెచ్చిన రోజున వాడు, "మొట్టమొదలు నిన్నే ఎక్కిస్తనమ్మా. మీ మాండవి ఊరి మీదికెళ్ళి తిప్పుత, నీ పుట్టిల్లు పైకెళ్ళి చూద్దువు" అన్నాడు. అంతే, ఆమె కూరగాయలమ్మి దగ్గర నుంచి గుడి పూజారి దాకా అందరికీ చెప్పేసింది.

పదిహేను రోజుల కింద వాడు అమ్మకానికున్న రెండు విమానాల కాగితాలు, రెండు సీట్లదొకటి, నాలుగు సీట్లదొకటి, పరుచుకుని పెళ్ళాంతో అంటుండగా విన్నది: "రెండు సీట్లల్ల గింత బరువు కూసుంటే ఇది నేల ఇడుస్తదా?"

గోడ పట్టుకుంటే గానీ లేవలేని మనిషి గంగుబాయి. ఆ మాట తన గురించేనని గుండె కలుక్కుమంది. ఆ రోజు నుంచీ దేవుళ్ళంతా రోజుకొకరు చొప్పున ఆమె రొట్టెలకు అడ్డం వచ్చారు.

దయానంద్ గంటలోనే మిల్లు నుంచి తిరిగొచ్చాడు. "అమ్మా, నడువు. మిల్లు కాంటా మీద ఒక్కసారి నిలవడు. బరువు లెక్క రాయాలె."

గంగుబాయి భగ్గుమంది. "పత్తి తూసే కాంటా మీద నన్ను నిలవెడ్తవా? హమాలీలందరి ముంగట? ముసలిది బరువైందని మొకం మీదనే చెప్పరాదురా! నేనెక్క. నీ పెండ్లాన్ని ఎక్కిచ్చుకో!"

"నాకు దెగ్లూర్ బస్సులనే కండ్లు తిరుగుతయి, నాకద్దు!" అని వత్సల వెనక్కి జరిగింది. ఆపైన ఉండబట్టలేక మొగుడికి చెప్పేసింది: "పదిహేను దినాల సంది సక్కగ తింటలేదు. ఆ దినం నీ బరువు మాట ఇన్నది గావచ్చు."

దయానంద్ ముఖం వెలవెలబోయింది. తల్లి చెయ్యి పట్టుకుని జీపెక్కించాడు. ఈసారి టైర్లు తట్టడం మరిచిపోయాడు.

మిల్లులో హమాలీలందరినీ గోడవైపు తిప్పి నిలబెట్టాడు. అయితే ఏం లాభం, తూకం గుమాస్తా సంగన్నకు అంకె కనబడితే అరిచే అలవాటు. "అరవై ఆరూ!" అని పైకప్పు ఎగిరేలా అరిచాడు. గోడవైపు తిరిగిన వీపులన్నీ కదిలాయి. తర్వాత దయానంద్ ఎక్కాడు. "నూట నాలుగూ!"

"ట్యాంకు నింపితే ఇద్దరిది కలిపి నూట యాభై ఐదు దాటొద్దమ్మా" అన్నాడు దయానంద్ తల దించుకుని. "ఆ దినం అన్న మాట నా బరువు గురించే. నాకు నేర్పిన మాస్టరు ఎండు మిరపకాయ లెక్క ఉండె గాబట్టి అక్కడ ఇమానం లేచింది."

గంగుబాయి కాసేపు కొడుకు పొట్ట వైపే చూసింది. అది తన చేతి పనే. "మరి ఆ నాలుగు సీట్లదే కొనరాదురా?"

"దానికి రెక్క కింద ఉంటది. నువ్వు కిటికీలకెళ్ళి చూస్తే రెక్కనే కనవడ్తది, మాండవి కనవడది. ఈ రెండు సీట్లదానికి రెక్క నెత్తి మీద ఉంటది. అందరు అదే కొనమన్నరు, నేనే ఇది కావాలంటున్న."

గంగుబాయి కాంటా పక్కనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పదిహేను రోజులుగా కొడుకును తప్పుగా తలచుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది.

మధ్యాహ్నం తల్లీకొడుకులు పక్కపక్కనే పీటల మీద కూర్చున్నారు. దయానంద్ రెండు జొన్నరొట్టెలతో చేయి ఆపి, మూడోది తల్లి కంచంలో వేశాడు.

"ఆకలైతలేదారా?"

"అయితుంది. నువ్వు తిను."

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఖాళీ కంచం ముందు కూర్చున్న కొడుకును చూసింది. తనకు తెలియకుండానే, వాడికి వడ్డించడానికి చెయ్యి నేతి గిన్నె మీదికి పోయింది. ఉలిక్కిపడి గిన్నె ఎత్తి కోడలి చేతిలో పెట్టింది.

"లోపట దాచు వత్సలా. యాడ పెట్టినవో నాకు చెప్పకు. ఇది దొరికితే నా చెయ్యి ఆగది."