తిరగేసిన బిళ్ల

“ఇరవై మూడూ, నీకు గొర్రెలంటే భయమా?”

చీఫ్ ఫెమ్కె ఫైల్లోంచి తలెత్తకుండానే అడిగింది.

“లేదు మేడమ్.”

“మంచిది. వేర్‌డైక్ కరకట్ట మీద నీకు తోడు అవే.”

ఏజెంట్ 23, అసలు పేరు రూలోఫ్, గోడ మీది మ్యాప్ వైపు చూశాడు. హాలండ్ తీరం పొడవునా ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో లాకు. తలుపులకు ఇవతల పొలాలు, ఊళ్లు. అవతల వాటికంటే ఎత్తులో సముద్రం.

“ఒక విదేశీ ముఠా చేతికి చిన్న పెట్టె చిక్కింది. మీట నొక్కితే చాలు, లాకు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఈ సాయంత్రం సరిగ్గా నాలుగింటికి పోటు నిండుతుంది. అప్పుడే నొక్కుతారు. ముఠాలో మనం పెట్టిన ఒడిల్ కబురు పంపింది. టార్గెట్ పెద్ద హార్బరు. మన ఏజెంట్లు నలభైమందినీ అక్కడికే పంపుతున్నాను.”

“మరి వేర్‌డైక్?”

“చిన్న లాకు. వెనక మూడు ఊళ్లు. ఎవరో ఒకరు కాపలా ఉండాలి కాబట్టి నువ్వు. వేషం, పక్షుల్ని చూసుకునే పెద్దమనిషి. బైనాక్యులర్స్, ఫ్లాస్కు, ఆకుపచ్చ టోపీ. మనవాళ్లెవరైనా వస్తే ‘గాలి ఎటు?’ అంటారు. ‘ఎప్పుడూ ఎదురే’ అనాలి.”

“వెహికిల్?”

ఫెమ్కె మొదటిసారి తలెత్తింది. “నీ పాత ఎలక్ట్రిక్ సైకిలే. కొత్త సెన్సర్ వేశారు. స్టాండెక్కించి పెడల్ ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే చక్రం జోరుగా తిరిగిందట. ఈసారి ఎవరి మీదా ఫిర్యాదు రాయక్కర్లేదనుకుంటాను.”

రూలోఫ్ చెవులు ఎర్రబడ్డాయి. సెల్యూట్ చేసి బయటపడ్డాడు.

ఆ ఫిర్యాదు సంగతి గుర్తొస్తే అతనికి తన మొహం తనే చూసుకోబుద్ధి కాదు. మూడు వారాల కిందట ఒక ఆదివారం ఆ సైకిలు పెడల్ దగ్గర టకటక శబ్దం చేసింది. దాని వెనక చక్రంలో చిన్న మోటారుంటుంది. మనిషి తొక్కుతుంటేనే అది సాయం పడుతుంది. తొక్కుతున్నాడని మోటారుకు చెప్పేది పెడళ్ల ఇరుసు దగ్గరున్న సెన్సర్. ఇరుసుకు అయస్కాంతాలు పొదిగిన బిళ్ల ఒకటి తొడుగుతారు. బిళ్ల తిరిగితే సెన్సర్ పసిగడుతుంది. ఏ తేడా వచ్చినా టెక్నికల్ విభాగంలో టీనెకెకి అప్పగించాలన్నది రూలు.

కానీ సైకిలు బాగుచెయ్యమని ఇంకొకరి కాళ్లు పట్టుకోవడం ఆ దేశంలో నామోషీ. అందులోనూ రూలోఫ్ తండ్రి నలభై ఏళ్లు సైకిళ్ల షాపు నడిపిన మనిషి. కొడుకు దాన్ని వంటింటి బల్ల మీద పడేసి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. సోమవారం ముఠా మనిషిని తరుముతుంటే వంతెన ఎక్కేచోట చూస్తే మోటారు అసలు పనిచెయ్యడం లేదు. వాడు వెనక్కి తిరిగి టాటా చెప్పి మరీ వెళ్లాడు.

రూలోఫ్ రిపోర్టు రాశాడు. ‘సెన్సర్ పాడైంది. టెక్నికల్ విభాగం నిర్లక్ష్యం.’ ఆడలేక మద్దెల ఓడన్నట్టు. రాసేటప్పుడే అనుమానం కలిగింది, ఆ బిళ్ల ఏ వైపు బయటికి పెట్టానా అని. అయినా సంతకం పెట్టేశాడు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసున్న టీనెకెని ఇంటికి పంపేశారు. అక్కడ వీడ్కోలైనా పుట్టినరోజైనా కేకు తెచ్చేది ఎవరి సందర్భమైతే వాళ్లే. ఆవిడ యాపిల్ కేకు స్వయంగా చేసి తెచ్చి, కోసి, అందరికంటే పెద్ద ముక్క రూలోఫ్‌కే పెట్టింది. “చిక్కిపోయావు నాయనా, తిను,” అంది. తిన్నాడు. అది ఇంతవరకూ అరగలేదు.

మూడూ ముప్పై ఆరు. వ్యాను అతన్నీ సైకిల్నీ దించి వెళ్లిన కరకట్ట మీద ఎదురుగాలి టోపీని ఎగరేసుకుపోతోంది. గొర్రెలు గాలికి వీపు పెట్టి నిలబడ్డాయి. రూలోఫ్ బైనాక్యులర్స్ పట్టుకుని లేని పక్షుల్ని వెతుకుతున్నాడు.

వెనక నుంచి సైకిలు బెల్లు మోగింది. నారింజ రంగు వానకోటు, తడిసినా చెదరని జుట్టు. ముసురులో కూడా పెళ్లికి బయల్దేరినట్టుండే మనిషి ఒక్కతే, ఒడిల్.

“గాలి ఎటు?” అంది నవ్వుతూ.

“ఎప్పుడూ ఎదురే.”

“పాపం, నిన్నిక్కడ పారేశారా? ఇక్కడేం జరగదులే. ఇంటికెళ్లి వేడిగా కాఫీ తాగు.”

ఆమె సైకిలు మోటారు మెత్తగా మూలిగింది. లాకుల వైపు దూసుకుపోయింది. నవ్వుకి పొంగిపోయిన రూలోఫ్ బుర్ర కాస్త ఆలస్యంగా పనిచేసింది. హార్బరులో ఉండాల్సిన మనిషికి ఇక్కడేం పని?

బైనాక్యులర్స్ ఎత్తాడు. చాలాసేపటికి నారింజ చుక్క లాకుల గది దగ్గర ఆగింది. క్యారియర్ సంచిలోంచి యాంటెనా ఉన్న నల్ల పెట్టె బయటికొచ్చింది. కాపలా ముసలాయన తలుపు తీశాడు. మరుక్షణం చేతులు పైకెత్తాడు.

సైకిలు బెల్లులో రేడియో ఉంది. రెండుసార్లు నొక్కితే కంట్రోల్ రూమ్ లైను కలుస్తుంది.

“మేడమ్! ఒడిల్ ముఠా మనిషే! పెట్టె ఇక్కడుంది!”

ఫెమ్కె గొంతు పలికింది. “ఈ గాలికి హెలికాప్టర్ లేవదు. పోలీసులకి అరగంట పడుతుంది. లాకు ఎంత దూరం?”

“మూడు కిలోమీటర్లు.”

“టైము మూడూ నలభై నాలుగు. నువ్వే వెళ్లాలి.”

రూలోఫ్ సీటెక్కి బలమంతా పెట్టి తొక్కాడు. మోటారు ఉలకలేదు, పలకలేదు. ముప్పై కిలోల సైకిలు గాలికి ఎదురు ముసలి గేదెలా కదిలింది. పక్కనున్న గొర్రె అతన్ని దాటిపోయింది.

“మేడమ్... మోటారు రావట్లేదు.”

“మళ్లీనా!” అంది ఫెమ్కె. తర్వాత ఎవరితోనో అంది. “టీనెకెకి లైను కలపండి.”

ముఠాని ఎదుర్కోమన్నా రూలోఫ్ ఇంత భయపడేవాడు కాదు.

“చెప్పు నాయనా,” అంది టీనెకె, ఇంటి వెనక షెడ్డులోంచి. “స్క్రీన్ వెలిగిందా? బ్యాటరీ?”

“వెలిగిందండీ. బ్యాటరీ ఫుల్లుగా ఉంది.”

“బ్రేకు పిడి ఇరుక్కుందేమో చూడు. బ్రేకు పట్టున్నంతసేపూ మోటారు రాదు.”

“రెండూ వదులుగానే ఉన్నాయి.”

“సెన్సర్ వైరు లాగి మళ్లీ గుచ్చు. లోపల తడేమైనా ఉందా?”

“లేదు. పొడిగా ఉంది.”

“బిళ్లకీ సెన్సర్‌కీ మధ్య గోరు దూరేంత సందే ఉండాలి.”

“అంతే ఉంది.”

“పెడల్ తిప్పు. సెన్సర్ మీద చిన్న లైటు మిణుకుతోందా?”

“మిణుకుతోంది.”

“అయితే సెన్సర్ శుభ్రంగా ఉంది. మూడు వారాల కిందటిదీ శుభ్రంగానే ఉండుంటుంది. నేను బిగించిన ప్రతి నట్టుకీ, దాని పక్కకీ కలిపి ఒకే పసుపు చుక్క పెడతాను, విప్పితే అది చీలిపోతుంది. ఆ ఇరుసు నట్టు మీద చుక్క ఉందా?”

నట్టు మెరుస్తోంది. చుక్క రెండుగా చీలి, సగం నట్టు మీద, సగం ఇరుసు మీద ఉంది.

“సెన్సర్ మార్చడానికి అది విప్పక్కర్లేదు. చివరిసారి విప్పిందెవరు నాయనా?”

లైన్లో కంట్రోల్ రూమ్ మొత్తం ఉంది. హార్బరులో నలభైమంది చెవుల్లోనూ ఇదే మాట వినబడుతోంది. తెలీదు అనొచ్చు. ఇంకో అబద్ధం, అంతే. కానీ అబద్ధం చెప్తే సైకిలు కదలదు. కరకట్ట కింద మూడు ఊళ్లలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

“నేనే,” అన్నాడు రూలోఫ్. “నేనే విప్పాను. తెలిసీ మీ మీద రాశాను. మీరు పెట్టిన కేకు కూడా తిన్నాను.”

భూమి చీలితే అందులోకి దూరిపోవాలనిపించింది. కానీ కాళ్ల కింద ఉన్నది కరకట్ట. అది చీలకూడదనే కదా అతను వచ్చింది.

“సరే, ఏడుపులు తర్వాత,” అంది టీనెకె. “బిళ్ల మీద బాణం గుర్తు కనబడుతోందా?”

“లేదు.”

“అంటే బాణం లోపలి వైపుంది. తిరగేసి తొడిగావు. అది మార్చాలంటే పెడల్ కాడ లాగే పనిముట్టు కావాలి. ఉందా?”

“ఫ్లాస్కు ఉంది.”

“మహానుభావుడా! అయితే వెనక్కి తొక్కు.”

“ఏంటీ?”

“బిళ్ల తిరగబడింది కదా. నువ్వు వెనక్కి తొక్కితే సెన్సర్ ముందుకనుకుంటుంది. కాలితో ఒక తోపు తోసి, వెనక్కి తొక్కు. స్టాండు మీద పెట్టి చూసినవాళ్లకి చక్రం తిరిగి ఉంటే, అది కూడా వెనక్కి తిప్పినప్పుడే అయ్యుంటుంది. ఊఁ, కానివ్వు!”

టైము మూడూ యాభై. రూలోఫ్ నేలని తన్ని పెడళ్లు వెనక్కి తిప్పాడు. మోటారు గుర్రుమంది. సైకిలు అతన్ని లాక్కుని పరుగెత్తింది. నడక నేర్వకముందే సైకిలెక్కే ఆ దేశంలో ఒక మనిషి వెనక్కి తొక్కుతూ ముందుకు పోతున్నాడు. ఎదురొచ్చిన ముసలి జంట సైకిళ్లు ఆపేసింది.

“అయ్యా, మీరు వస్తున్నారా, పోతున్నారా?” అని పెద్దావిడ అరిచింది.

రూలోఫ్ టోపీని కిందికి లాక్కున్నాడు. తండ్రి బతికిలేనందుకు మొదటిసారి సంతోషించాడు.

మూడూ యాభై తొమ్మిది. ఒడిల్ లాకు తలుపుల మీద పెట్టె పట్టుకుని నిలబడింది. కళ్లు గడియారం మీద, వేలు మీట మీద. అవతల సముద్రం అంచుదాకా వచ్చింది. సైకిలు చప్పుడుకి తల తిప్పింది. ఆకుపచ్చ టోపీ మనిషి తుపానులా వస్తున్నాడు. కాళ్లు మాత్రం వెనక్కి తిరుగుతున్నాయి!

ఒడిల్ కూడా ఆ గడ్డ మీద పుట్టిన పిల్లే. ఆ కాళ్ల మీంచి చూపు మరల్చుకోలేకపోయింది. నోరు తెరుచుకుంది. ఫక్కున నవ్వింది. వేలు ఒక్క రెండు సెకన్లు మీటని మరిచిపోయింది.

ఆ రెండు సెకన్లే చాలాయి. సైకిలు, ఏజెంటు, ఫ్లాస్కు కలిసి ఆమె మీద పడ్డాయి. నల్ల పెట్టె గాల్లో తిరిగి సముద్రంలో మునిగింది. చర్చి గంట నాలుగు కొట్టింది. లాకు తలుపులు మూసే ఉన్నాయి.

“ఓడిపోయినందుకు బాధ లేదు,” అంది ఒడిల్, సంకెళ్లు వేయించుకుంటూ. “వెనక్కి తొక్కేవాడి చేతిలో దొరికానని మాత్రం ఎక్కడా రాయకు.”

“అన్నీ రాస్తాను,” అన్నాడు రూలోఫ్. “ఈసారి ఏదీ దాచను.”

రాశాడు కూడా. టీనెకె మళ్లీ తన బెంచీ దగ్గరికి వచ్చింది. రూలోఫ్‌కి మెడల్ బదులు ఆరు నెలలు ఆవిడ కింద సైకిళ్లు కడిగే డ్యూటీ పడింది. మొదటి రోజు తనే చేసిన యాపిల్ కేకు, ‘ఇటు పైకి’ అని బాణం గుర్తున్న పెట్టెలో పెట్టి తెచ్చాడు. అందరి ముందూ తల వంచుకుని క్షమాపణ అడిగాడు.

టీనెకె కళ్లజోడు పెట్టుకుని పెట్టెని నాలుగు వైపులా పరిశీలించింది.

“బాణం పైకే ఉంది. నేర్చుకుంటున్నావు,” అంది.

కేకు కోసి, అందరికంటే చిన్న ముక్క అతనికి పెట్టింది. అది తిన్నాక గానీ రూలోఫ్‌కి ఆనాటి పెద్ద ముక్క అరగలేదు.