వెనక ఉయ్యాల

బెజవాడలో ప్రైవేటు డిటెక్టివ్ కోటిలింగం ఆఫీసుకు వచ్చే ఆడవాళ్ళు మామూలుగా ఏడుస్తూ వస్తారు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన పుష్పవతి మాత్రం పళ్ళు కొరుకుతూ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా భారతికి తొమ్మిదేళ్ళండి. అట్లతద్దినాడు చీకటితోనే లేచి, గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, ఉయ్యాలూగడానికి దొరవారి తోటకి వెళ్ళింది. తాడు తెగి పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. పాత తాడు కట్టాడని వాచ్‌మన్ స్తెఫనుని పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి మా పిల్లలందరికీ ఉయ్యాలలు కట్టేది ఆయనే. నేను నమ్మనండి!"

"ఎవరు పట్టుకున్నారమ్మా?"

"మా మావయ్యగారే. వెంకటరత్నంగారు. తోట కమిటీ ప్రెసిడెంటు. ఆదివారం మీటింగు పెట్టి స్తెఫనుని పోలీసులకి అప్పగిస్తారంట. తోట వెనక గేటు మూసేస్తారంట. ఇదేం న్యాయమని అడిగితే, ఆడదానివి నీకెందుకన్నారు. అందుకే బస్సెక్కి వచ్చేసా."

కోటిలింగం చేతిలో సిగరెట్టు వెలిగించకుండానే నలిపేశాడు. అసిస్టెంటు భవానీప్రసాద్ అది చూసి లోలోపల సంతోషించాడు. గురువుగారికి కోపం వస్తే కేసు సగం తేలినట్టేనని అతని నమ్మకం.

మర్నాడు ఇద్దరూ కంచికచర్ల, నందిగామల మీదుగా పేటలో దిగారు.

దొరవారి తోట ఊరికంతటికీ గర్వకారణం. ఎప్పటి జమీందారో నాటించాడు. ముందువైపు పూలమొక్కలు, ఒక పెద్ద చింత, రాతిమంటపం, రంగులరాట్నం. వెనకవైపు చింతలూ నేరేళ్ళూ మద్దులూ కలిసి చిన్న అడవి. ఆదివారమైతే క్యారియర్లు పట్టుకుని సంసారాలన్నీ అక్కడే ఉంటాయి. ముందు గేటు బజారుకు, వెనక గేటు పాలేటి ఒడ్డు పల్లెకు. రెండూ అందరికీ తెరిచి ఉండాలని జమీందారు శాసించి పోయాడు. గేట్లు తెరుచుకున్నాయి గాని మనసులు తెరుచుకోలేదు. ముందు చింతకు కట్టిన ఉయ్యాల బజారు పిల్లలది, వెనక చింతకు కట్టింది పల్లె పిల్లలది. ఈ విభజన ఎవరూ చెయ్యలేదు, అందరూ పాటిస్తారు. ఇంతకంటే సిగ్గుమాలిన ఏర్పాటు ఇంకోటి ఉండదు.

భారతి పడింది వెనక ఉయ్యాల మీంచి.

"అటెందుకు వెళ్ళిందమ్మా?" అడిగాడు కోటిలింగం.

"స్తెఫను కూతురు మార్తమ్మా, మా పిల్లా ఒకటే క్లాసండి. జట్టు అటుంటే ఇది ఇటుంటుందా?" అంది పుష్పవతి.

స్తెఫను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని ముఖంలో భయం కన్నా అవమానం ఎక్కువగా కనిపించింది.

"తాడు పాతదా?"

"లేదు బాబూ, మొన్న కొన్నదే. కొమ్మకి ఒరుసుకోకుండా దానికి గోనెపట్టా చుట్టి, తాటినారతో బిగించి కట్టా. ముందురోజు సాయంత్రం నేనే ఊగి చూసా."

"నిచ్చెన ఎక్కడుంటుంది?"

"కొట్టంలో బాబూ. తాళంచెవులు రెండే. నా దగ్గరొకటి, ప్రెసిడెంటుగారి దగ్గరొకటి."

భవానీప్రసాద్ నిచ్చెన వేసుకుని చింత ఎక్కాడు. తాడుముక్క ఇంకా కొమ్మనే వేలాడుతోంది. పట్టాతో సహా దించాడు. పట్టాకు ఎక్కడా చిరుగు లేదు. దాన్ని కట్టిన దారం దగ్గరగా పెట్టి చూడబోయి, ఆపకుండా తుమ్మాడు.

"తాటినార కాదు సార్, పురికొస. ఎర్రగా ఉంది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

పట్టా విప్పి కోటిలింగం తాడు కొన చూశాడు. మూడు పాయల్లో రెండు నున్నగా తెగి ఉన్నాయి. మూడోది మాత్రం పీచులు పీచులుగా తెగింది. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

వెంకటరత్నం మిర్చి వర్తకుడు. కొట్టు ముందు కూలీలు గోతాలు కుడుతున్నారు. ఘాటుకు లోపలికి అడుగుపెట్టడమే కష్టమైంది. ఆయన కళ్ళు వాచి ఉన్నాయి.

"నా మనవరాలండీ అది! నా ప్రాణం! అన్నం సయించటం లేదు నాకు. ఆవేళ తెల్లారకముందే తోటకెళ్ళా. కళ్ళారా చూసా. ఆడపిల్లలు పెట్టిన అట్లు మెక్కుతూ కూర్చున్నాడు వాడు. తాళ్ళు చూసుకునే తీరికేదీ? ఆ వెనక గేటు ఉన్నన్నాళ్ళూ ఇంతే."

ఆయన ఏడుపులో నటన లేదు. బయటికి వచ్చాక భవానీప్రసాద్, "పాపం, పెద్దాయన కుళ్ళిపోతున్నాడు సార్," అన్నాడు.

"అవును. ఎందుకో ఆలోచించు," అన్నాడు కోటిలింగం.

ఆదివారం మంటపం చుట్టూ జనం మూగారు. కమిటీవాళ్ళు, సబ్ ఇన్‌స్పెక్టరు, పిల్లల తల్లులు, కాస్త దూరంగా చెట్ల కింద పల్లెవాళ్ళు. తీర్మానం చదవడానికి వెంకటరత్నం లేచాడు. కోటిలింగం ఆయన్ని చేత్తో ఆపి, ముందుకు వచ్చాడు.

"తాడు అరగలేదు. ఒరుసుకుని తెగితే ముందు గోనెపట్టా చిరగాలి. ఇదిగో, చెక్కుచెదరలేదు. ఎవరో పట్టా విప్పి, రెండు పాయలు కోసి, కోత కనబడకుండా మళ్ళీ చుట్టారు. ఈ చుట్టింది గోతాలు కుట్టే పురికొసతో, తాటినారతో కాదు. కావాలంటే వాసన చూడండి, మిరప్పొడి."

జనంలో గుసగుసలు లేచాయి. "పేటలో మిర్చి కొట్లు బోలెడున్నాయి!" అన్నాడు వెంకటరత్నం.

"ఉన్నాయి. నిచ్చెన తాళంచెవి ఉన్న మిర్చి కొట్టు ఒక్కటే." కోటిలింగం ఆడవాళ్ళవైపు తిరిగాడు. "అమ్మా, అట్లతద్దికి అట్లు ఎప్పుడు పోస్తారు?"

"సాయంత్రం గౌరీపూజకండి. చంద్రుణ్ణి చూశాకే తింటాం," అన్నారు ఆడవాళ్ళు ఒక్కసారే.

"మరి వీరు తెల్లారకముందే స్తెఫను అట్లు తినడం కళ్ళారా చూశారట! ప్రతి ఏడూ పళ్ళెంలో పెడితే తినడమే తెలుసు గాని, ఎప్పుడు పోస్తారో తెలియదు ఈ పెద్దమనిషికి. ఆవేళ ఈయన తోటకి రాలేదు. స్తెఫను మీద నేరం నిలబెట్టడానికి కథ అల్లారు. అబద్ధమాడిన ప్రతివాడూ నేరస్థుడు కాడు. కానీ ఆ పురికొస, ఆ తాళంచెవి, ఈ అబద్ధం మూడూ ఒకే ఇంటికి దారి చూపిస్తున్నాయి."

"నా మనవరాలిని నేనే పడేసుకుంటానా? మతుండే మాట్లాడుతున్నారా?" అని అరిచాడు వెంకటరత్నం. "అది వెనక ఉయ్యాల ఎక్కుతుందని నేను కలగన్నానా?"

ఏమన్నాడో వెంకటరత్నానికి కాస్త ఆలస్యంగా అర్థమైంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"మరి ఎవరి పిల్ల ఎక్కుతుందనుకున్నారు?" అన్నాడు కోటిలింగం. "గేటు మీరుగా మూస్తే ఊరు అడుగుతుంది. పల్లె పిల్ల ఒకతె పడితే వాళ్ళే భయపడి రారు. గేటు మూసినా అడిగేవాడుండడు. అంతేగా మీ లెక్క? కాపలా కాయమని తోట చేతికిస్తే, పిల్లల కాళ్ళ కింద గొయ్యి తీశారు. థూ!"

"చంపాలని కాదు... భయపెడదామనే," గొణిగాడు వెంకటరత్నం.

స్తెఫను వెనక నిలబడ్డ మార్తమ్మ తండ్రి చొక్కా గట్టిగా పట్టుకుంది. పల్లెవాళ్ళలో ఒక ముసలామె మట్టి తీసి వెంకటరత్నం వైపు విసిరి కొట్టింది. ఎవరూ ఆపలేదు. సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

పుష్పవతి జనాన్ని తోసుకుంటూ మామగారి ఎదుటికి వచ్చింది.

"మార్తమ్మ కాలు విరిగుంటే మీకు అన్నం సయించేదే కదూ?"

ఆయన తల ఎత్తలేదు. ఊరి ముందు పోయిన పరువు గురించి గాని, రేపటి కేసు గురించి గాని ఒక్క మాట అనలేదు. కోడలి ముందు రెండు చేతులూ జోడించాడు.

"భారతికి మాత్రం చెప్పకమ్మా."

"చెప్తా," అంది పుష్పవతి. "నొప్పెట్టినప్పుడల్లా, తాడెందుకు తెగిందమ్మా అని అడుగుతోంది. దానికి అబద్ధం చెప్పడం నా వల్ల కాదు."

ఆమె వెనక్కి తిరిగి మార్తమ్మ చెయ్యి పట్టుకుంది. పిల్లను తీసుకుని, ముందు గేటు గుండా, కూతురు పడుకుని ఉన్న ఇంటివైపు నడిచింది.