తిరిగి రావాల్సిన మంగు

"ఏమండీ అతిమధురంగారూ! మీ క్రీము డబ్బా మీద ఏం రాయమంటారు?"

లేబుళ్లు గీసే అమ్మాయి మొదటిరోజే ల్యాబ్ గుమ్మంలో నిలబడి అలా అడిగేసరికి కెమిస్టు చేతిలోని గాజుకడ్డీ కాస్తా జారింది. అతిమధురం వేర్ల రసంతో నల్లమచ్చలు తగ్గే క్రీము చేయడం అతని పని. అందుకే ఆ పేరు.

"ఎండలో తిరక్కండి అని రాయండి. అసలు మందు అదే."

"అలా రాస్తే మనిద్దరి ఉద్యోగాలూ ఊడతాయి!"

అప్పట్నుంచి ఆ నవ్వు వినకపోతే అతనికి పొద్దుపోయేది కాదు. ప్రేమిస్తున్నానని చెబుదామంటే మాత్రం నోరు పెగల్లేదు. దాంతో తనకు చేతనైన పని చేశాడు. ఆమె కుడిచెంప మీద చిన్న ఆకులాంటి మంగు మచ్చ ఉంది. మూడు వారాలు కష్టపడి ప్రత్యేకంగా ఒక డబ్బా క్రీము చేసి చేతికిచ్చాడు.

"నాకోసమేనా?" అని ఆమె మెల్లగా తీసుకుంది. సంతోషించిందనుకున్నాడు పిచ్చిమారాజు.

మూడు నెలల్లో మంగు పోయింది. నవ్వూ పోయింది. ల్యాబ్ వైపు రావడమే మానేస్తే, మచ్చ నలుపు కొలిచే మీటరు పట్టుకుని అతనే వెళ్లి ఆమె చెంపకు ఆనించాడు.

"చూశారా! ఎనిమిది పాయింట్లు తగ్గింది!"

ఆమె కళ్లు నిండాయి. "మా అమ్మకీ సరిగ్గా ఇక్కడే ఉండేదండీ. నిరుడు తను పోయాక, పొద్దున్నే అద్దంలో కాసేపు కనబడేది. మీకు నచ్చలేదేమోనని రాసుకున్నాను. ఇప్పుడు అద్దంలో అమ్మ లేదు."

అతను మీటరు దించేశాడు.

"మీరంటే ఇష్టమని చెప్పడం చేతకాక ఇచ్చానండీ. మచ్చ మీద కోపంతో కాదు."

"తిరిగి వస్తుందా?"

"క్రీము మానేసి ఎండలో ఉంటే రావచ్చు. మాటివ్వలేను."

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఇద్దరూ ల్యాబ్ మెట్ల మీద ఎండలో కూర్చునేవారు. అంకె తగ్గితే గంతులేసే మనిషి, ఇప్పుడు అంకె పెరగాలని మొక్కుకున్నాడు. మధ్యలో పదిరోజులు ముసురు పట్టి ఏడిపించింది. ఆమె గొడుగు కింద నిలబడి ఆకాశం వంక దిగులుగా చూసేది. అతను సూర్యుణ్ణి తిట్టేవాడు.

ముసురు విడిచిన మూడోవారం, మీటరు చెంపకు ఆనించబోయి ఆగాడు. మీటరు పక్కన పెట్టేశాడు. గోధుమరంగులో లేతగా, ఆకు అంచు కనబడుతోంది.

ఆ చెంపకు రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం అత్తయ్యా. తప్పయిపోయింది."

ఆమె అద్దం అడగలేదు. అతని భుజం మీద తల వాల్చి, అమ్మ పోయాక మొదటిసారిగా వెక్కివెక్కి ఏడ్చింది.