సున్నా ఎడం

ఆదోనిలో పొద్దున లేచి ఆకాశం చూసేవాళ్ళు లేరు. ధరల బోర్డు చూస్తారు.

2094 నాటికి ఆ సీమలో ప్రతి చేనూ ఒక వాటా. వాటాల బజారులో ఆ చేనుకు ఒక ధర. ధర ఉంటే విత్తనం ఇస్తారు, నీళ్ళ గేటు తెరుస్తారు, ట్రాక్టరు పంపుతారు. ధర సున్నా అయితే ఏదీ రాదు.

ధర చెప్పేది ధరాక్షి అనే యంత్రం. వెనకటికి సంతలో తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో బేరం చేసేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలిసేది కాదు. ఎక్కడో వాన పడిందన్న వార్త ధరలోకి చేరడానికి వారం పట్టేది. ఈ ఆలస్యాన్ని బజారు శాస్త్రంలో ఎడం అంటారు. టెలిఫోన్లు వచ్చి ఎడాన్ని ఒక పూటకు తెచ్చాయి. కంప్యూటర్లు క్షణానికి తెచ్చాయి. ధరాక్షి వచ్చాక ఎడమే లేదు. ప్రతి చేనులో మట్టి కింద ఒక సెన్సర్, పైన శాటిలైట్. అవి చూసింది చూసినట్టు ధరలో కలిసిపోతుంది. బజారు సమర్థత సూచిక నూటికి నూరుకు చేరి చాలా ఏళ్ళయింది. పండదని ధరాక్షి చెప్పిన చేను పండలేదు. ఒక్కటీ తప్పలేదు.

ఆ రోజు బజారు పరిశోధకుడు నబీరసూల్ గదిలోకి ఉరుకుందమ్మ తడిచీరతోనే వచ్చింది. బల్ల మీద గుప్పిట విప్పింది. నల్లమట్టి.

"పట్టి చూడు సార్. తడి ఎంత దిగిందో."

నబీరసూల్ మట్టిని వేళ్ళతో నలిపాడు. "మంచి పదును."

"మరి బోర్డు మీద నా చేను సున్నా అని ఏసినారే? పొద్దున చూసి తడుస్తానే వచ్చినా. ఈ పదును పోకముందే ఇత్తనం పడకుంటే ఇంగ ఈ ఏడు లేదు. నాకుండేది అదొక్కటే చేను."

నబీరసూల్ యంత్రం వైపు తిరిగాడు.

"ఉరుకుందమ్మ చేను ధర ఎంత?"

"సున్నా."

"దేన్ని బట్టి?"

"నిన్నటి ధరను బట్టి."

"మట్టి సెన్సర్ ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు."

"శాటిలైట్?"

"అదీ అంతే."

"ఎన్నాళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళుగా."

"ఈ ఒక్క చేనుకేనా?"

"అన్నిటికీ."

నబీరసూల్ యంత్రం మూత తీశాడు. తర్వాత తీగలు విప్పి చూశాడు. యంత్రం చెప్పింది నిజమే. సెన్సర్లు మట్టిలో తుప్పు పట్టాయి. సూచిక నూటికి నూరు ఉన్నప్పుడు మరమ్మతు దండగని ఎవరూ పట్టించుకోలేదు. సంకేతం రాకపోతే జాగ్రత్త కోసం నిన్నటి ధర మీద ఒక పిసరు తగ్గించమని మొదట్లో ఒక నియమం పెట్టారు. ఏ గాలివానకో ఒక పూట సంకేతం ఆగితే పనికొస్తుందని పెట్టిన నియమం. తొమ్మిదేళ్ళుగా ధరాక్షి ఆ ఒక్క పనే చేస్తోంది. ధర తగ్గిన చేనుకు విత్తనం తగ్గించారు. నీళ్ళు తగ్గించారు. పంట తగ్గింది. ధర నిజమైంది.

బజారు పెద్ద హంపయ్య దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాడు.

"అంటే ఇది గుడ్డిదంటావు," అన్నాడు హంపయ్య.

"గుడ్డిదే."

"అయినా ఒక్కటీ తప్పల్యా."

"మనం తప్పనివ్వలేదు."

హంపయ్య టీ ఊదుకుంటూ నవ్వాడు. "అందరికీ చెప్పుకోప్పా. ఎవరొద్దన్నారు?"

నబీరసూల్ హాల్లోకి వచ్చి మైకులో చెప్పాడు. సీమ అంతటా బోర్డుల కింద అది వినబడింది. యంత్రానికి చూపు లేదు, మీ చేలు చచ్చిపోలేదు, వెళ్ళి మట్టి తవ్వి చూసుకోండి అన్నాడు. హాల్లో జనం తలలెత్తారు. ఎత్తి బోర్డు చూశారు. ఒక్క అంకె కదల్లేదు.

"కండ్లు లేకుండానే ఇంత సక్కగా చెప్తాండాదంటే, ఉండింటే ఇంగెంత చెప్తుండెనో!" అన్నాడు వెనక ఎవడో. అందరూ నవ్వారు. తిరిగి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

"ధరలు ఎందుకు మారలేదు?" అని నబీరసూల్ యంత్రాన్ని అడిగాడు.

"ఎవరూ బేరం మార్చలేదు. కాబట్టి ఈ వార్త ధరలో ముందే కలిసి ఉన్నట్టు లెక్క."

ఇంక ఒక్క దారే ఉంది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒక ధరకు ఒప్పుకుంటే యంత్రం దాన్ని తీసుకోవాల్సిందే. ఒక్క బేరం చాలు. సున్నా పోతుంది, విత్తనం వస్తుంది.

"నీ చేనులో సగం నేను కొంటానమ్మా. నిండు ధరకే," అన్నాడు హాల్లోనే నిలబడి ఉన్న ఉరుకుందమ్మతో.

ఉరుకుందమ్మ చుట్టూ చూసింది. "బోర్డు మీద సున్నా పెట్టుకోని నిండు ధర అంటే నగుతారు సార్."

అతను భుజం మీది తువ్వాలు తీశాడు. "ఎవరికీ కనబడదులే. మీ తాతల మాదిరి."

ఆమె ముందు కొంచెం సిగ్గుపడి, తర్వాత చెయ్యి చాపింది. తువ్వాలు కింద ఆ చెయ్యి అతనికి దొరికింది. దానికంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది. నిండు ధరకు గుర్తుగా ఐదు వేళ్ళూ చాపి ఆమె అరచేతిలో పెట్టాడు. పట్టుకుంటే బేరం అయినట్టే.

ఉరుకుందమ్మ అతని చిటికెనవేలు మడిచింది. దాని పక్క వేలు మడిచింది. నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి, బొటనవేలు దాకా మడిచి పిడికిలి చేసి, దాని మీద తన చెయ్యి మూసింది.

"ఏందమ్మా ఇది? దానికి కండ్లు లేవని ఇప్పుడే గదా చెప్పినా."

"ఇన్నా సార్."

"పదును నీ చేత్తోనే తెచ్చినావు గదా."

"తెచ్చినా." ఆమె అతని మొహం చూడటం లేదు. అతని భుజం మీదుగా బోర్డు చూస్తోంది. "ఏమీ లేకనే అంత పెద్ద బోర్డు మీద ఏస్తారా సార్? నువ్వు మంచోడివి. నీ దుడ్లు నేనేల పోగొడ్తా?"

చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, వానలోకి వెళ్ళిపోయింది.

నబీరసూల్ తువ్వాలు కింద పిడికిలి అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి అతనూ వెనక్కి తిరిగి బోర్డు చూశాడు.