కోతగుంతల రంపం

బయ్యారం అడివి మొదట్ల ఒక కోతగుంత ఉండేది. పెద్ద మొద్దును గుంత మీద అడ్డంగ పెట్టి, పైన ఒకడు, గుంతల ఒకడు నిలబడి రంపం గుంజి పలకలు తీసే జాగ. దీపాలు పెట్టినంక అటు ఎవ్వరు పోయేటోళ్లు కాదు. మనిషి లేని గుంతల నుంచి రంపం చప్పుడొస్తదని చెప్పుకునేటోళ్లు.

రాకేం చేస్తది... అండ్లనే సక్రు చచ్చిండు.

సక్రు తండా మనిషి. కట్టె కోసే వడ్లపని చేసే మా తాత పెంటయ్యకు కోతల జోడీ. తాత పైన, సక్రు కింద. దొర వెట్టికి పిలిచి ఏగిస చెట్టు మొద్దు కోయిస్తుంటే ఆనిచ్చిన దిమ్మె జారి, మొద్దు దొర్లి సక్రు మీద పడ్డది. తాత దుంకి ఊర్లెకు ఉరికిండు. మనుషులొచ్చేసరికి అయిపోయింది. "పిలుచుకొద్దామనే ఉరికిన" అని తాత అనేటోడు. ఎవరు అడగకున్నా అనేటోడు.

మూడేండ్లకు రజాకార్ల కాలమొచ్చింది. దొర మీద తిరగబడ్డ సంగపోళ్లు ఆయన గడి తలుపు కాలబెట్టిండ్రు. పట్నం పారిపోయిన దొర తుపాకులోళ్లను ఎంటేసుకొని మల్లొచ్చిండు. కొత్త తలుపుకు టేకు వద్దు, ఏగిసే కావాలన్నడు. దానికి చెద పట్టదు, గొడ్డలి ఊకె దిగదు. పొద్దుగాలకు నాలుగు పలకలు గడికి చేరాలె. అందాక మా అవ్వను గడిల కూసోబెట్టుకున్నరు.

ఎండిన ఏగిస ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది — సక్రు పానం తీసిన మొద్దు, ఇంకా ఆ గుంత మీదనే ఉన్నది.

తుపాకులోళ్లు ఇద్దరు లాంతరు పట్టుకొని తాతను తోలుకపోయిండ్రు. గుంత కనపడంగనే వాళ్ల కాళ్లు ఆగినయి. కింద ఒక మనిషి ఉంటే తప్ప కోత సాగదని తాత బతిమిలాడిండు. ఇద్దరు దిగలేదు. దూరంగ మంటేసుకొని కూసున్నరు.

ఏగిస పచ్చిగున్నప్పుడు మెత్తగ తెగుతది. గాటు పెడితే నెత్తురసొంటి బంక కారుతది. ఎండిందా... ఇనుమే. రంపం పండ్లు పనికిరాకుండ పోతయి. ఒంటిగ గుంజి గుంజి తాత రెక్కలు పడిపోయినయి. బెత్తెడు కూడ దిగలేదు.

"చప్పుడాగిందా, వచ్చి కాలుస్తం" అని మంట కాడినుంచి ఒకడు అన్నడు.

తాత రంపం పైకి లేపిండు...

రంపం కిందికి పోయింది. తాత నూకలేదు — కింద ఎవరో గుంజినట్టు.

మల్ల లేపిండు. మల్ల గుంజింది.

తాత వంగిండు. కిందికి చూస్తే కటిక చీకటి. "సక్రూ..." అని గుసగుసగ అన్నడు. కిందినుంచి ఊపిరి మాత్రం ఇనొచ్చింది. తాత రంపం ఆపలేదు. ఆపితే గడిల పెండ్లాం ఏమైతదో.

జర సేపటికి ఒక తుపాకులోడు లాంతరు పట్టుకొని దగ్గరికొచ్చిండు. పైన ఒక్కడే మనిషి... రంపమేమో ఇద్దరు కోసినట్టు ఆడుతుంది. వాడు లాంతరు అక్కడనే పారేసి ఉరికిండు. వాని ఎనుక రెండోడు.

చీకట్ల తాత మిగిలిండు. రంపం ఆగలేదు. కోడి కూసేదాక కిందినుంచి గుంజుతనే ఉంది. నాలుగో పలక ఊడంగనే ఒక్కసారిగ వదులైంది. తెల్లారి చూస్తే గుంతల కోత పొట్టు తప్ప ఏం లేదు.

పలకలు గడికి చేరినయి. అవ్వ ఇల్లు చేరింది. గుంత కాడ కోడిని కోసి సక్రును శాంతపర్సాలని చెప్పనీకి, తాత తండాకు పోయిండు. సక్రు పెండ్లాం కాళి గుడిసె ముంగల చేతులు కడుగుతుంది. ఎంత రుద్దినా పచ్చరంగు పోతలేదు, పసుపు పూసినట్టుంది. చెమట చేతులకు ఏగిస పొట్టు అంటితే గట్లనే పడుతది.

తాతకు పోయిన పానం తిరిగొచ్చింది. "నువ్వా కాళీ..." అని అక్కడనే కూలబడ్డడు.

కాళి దాయలేదు. సంగపోళ్ల దళానికి తూటాల మూట అందియ్యనీకి పోయి గుంతల కూసున్నదట. అంతల వీళ్లొచ్చిండ్రు. రంపమాగితే దిగి చూస్తరని పిడి పట్టింది. మొగనితోని కోసిన చేతులే అవి.

"నీకోసం గుంజలే" అన్నది. "వాడు ఒర్రుతుంటే ఇడిసిపెట్టి ఉరికినోనివి నువ్వు."

తెల్లారేదాక ఎట్ల గుంజినవమ్మా అని మాత్రం తాత అడిగిండు.

కాళి చేతులు కడుగుడు ఆపింది.

"తెల్లారేదాక ఏంది? లాంతరోడు ఉరకంగనే నేను ఎల్లిపోయిన."