దండెం మీద ముయ్యి

బొమ్మనకుంటలో రాతలేరే ఏరుగాని బొటనవేలికి కన్ను ఉందట. ఆ మాట చంద్రక్క చెప్పింది. చంద్రక్కకు పాలవ్యాను తోలే మస్తానయ్య చెప్పినాడట. ఆయనకు ఆ ఊరి హోటలమ్మ దోసె తిప్పుతూ చెప్పిందట.

"రాత దోరకు తిరిగే ముందర వాని వేలు దానంతటదే జివ్వుమంటాదంట మ్మే! మొన్న ఒకే ఒక్క తూరి పెట్టినాడంట, ఊరి నెత్తిన మబ్బుబండి వచ్చి నిలబడిందంట. మురుక్కాలవల్లో కప్పలు అరస్తా ఉండాయంట." చంద్రక్క కిటికీ కమ్ముల్లో ముఖం ఇరికించి తెర వైపు తొంగి చూసింది. "నీ వేలు ఎప్పుడు జివ్వుమంటాది?"

"నువ్వు ఆ కిటికీ వదిలినప్పుడు," అంది ఎర్రగుట్ట ఏరుగత్తె వన్నూరమ్మ, సంఘం కొట్టులోని తెర మీది చూపు తిప్పకుండా.

అప్పటికే పొద్దుటి రాతలు తెర మీది దండెం మీదికి ఎక్కుతున్నాయి; ఎవరు ఏం రాసినా అందరూ చదివేది ఆ దండెం మీదే. ఎక్కిన ప్రతి రాతా మొదట పచ్చగా ఉంటుంది. చదివేవాళ్లు చేరేకొద్దీ దోరకు తిరుగుతుంది, ఆపైన ఎర్రగా పండుతుంది. నచ్చిందని రాత మీద బొటనవేలు ఆనిస్తే వేలు పెట్టినట్టు. పచ్చిలో వేలు పెడితే పెట్టినవాళ్ల వాటా కూడా రాసినవాళ్లకే పోతుంది. పండినాక పెడితే పిట్టలు తిన్న కంకిలో బెండు మిగిలినట్టు. నడుమ దోర ఉండేది కాఫీ చల్లారేంత సేపే. ఏనుగు వస్తుందని తెలిసినాక, వచ్చేలోపల, ఆ సందులో వేలు దూర్చడమే ఏరుగత్తె పని.

ఏనుగులంటే నగరంలో ఎత్తుమేడల వాళ్లు. తాతల నాటి మెప్పంతా కుప్పలు పోసుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లు ఒక రాత మీద అడుగు వేశారంటే, ముందే అక్కడ వేలు పెట్టి ఉన్న వాళ్లందరి మీదా మెప్పు చిందుతుంది. ఆ మెప్పు నగరంలో ఇండ్లను చల్లబరిచే చల్లగంటలుగా మారుతుంది. పెన్నకు ఈవల వాన మోసే మబ్బుబండిని రప్పించే మబ్బువంతుగా మారి, మధ్యాహ్నమూ సాయంత్రమూ పంపకానికి వస్తుంది. ఈ నేల మీద తనంతట తాను వాన కురవడం మానేసి వన్నూరమ్మ వయసంత కాలమైంది. ఎర్రగుట్ట ఇండ్లన్నీ తమ ఊపును, వేలికి బరువిచ్చే ఆ సత్తువను, ఒక కుండలో పోసి ఆమె చేతికి ఇచ్చింది అందుకే. వేలు పెట్టిన కొద్దీ కుండ తరుగుతుంది. తెల్లవారేసరికి మళ్లీ ఊరుతుంది.

"ఎత్తుమేడ నుంచి మట్టివాసన గురించి ఒక రాత," తెర మూలన సోదెమ్మ గొణిగింది. సోదెమ్మ మనిషి కాదు, ఏనుగుల జాడ చెప్పే మర. "ఏనుగు వచ్చే సూచన బలంగా ఉంది. దోరకు దగ్గరలో ఉంది."

వన్నూరమ్మ ఆ రాత తెరిచి చూసింది. తొలి చినుకుకు నేల ఎలా గుబాళిస్తుందో వర్ణిస్తున్న ఆ రచయిత్రి ఇంటి కిటికీలు తెరుచుకునే రకం కావు. అయినా చుక్క వాన లేని ఊళ్లన్నీ ఆ రాత మీద గద్దల్లా తిరుగుతున్నాయి. అందరూ బాడుగకు తెచ్చుకున్నది ఒకే సోదెమ్మను. అందరికీ ఒకే దోర చెబుతుంది. అందరి వేళ్లూ ఒకేసారి పడతాయి. ఏనుగు చిందించిన మెప్పు అంతమందికి పంచేసరికి ఒక్కో ఊరికి దక్కేది విస్తరిని తుడిచిన తడి.

ఆ సంగతి వన్నూరమ్మకు తెలుసు. డిగ్రీలో గణాంకం చదివిన మనిషి. సోదెమ్మ పిలుపు కంటే ఒక ఊపిరి ముందు వేలు పెట్టి చూసింది. ఏనుగుల కంట ఇంకా పడని కొత్త రచయితలను పసిగట్టి వెంటబడి చూసింది. ఊపును చిల్లరగా చల్లకుండా రెండు మూడు రాతల మీదే కూడబెట్టి చూసింది. కొన్నాళ్లు ఫలించింది. ఆమె వేలు ఎటు పోతే అటు పక్కూళ్ల ఏరుగాళ్లు రావడం మొదలుపెట్టాక, ఆ ఉపాయాలూ అరిగిపోయాయి.

చెప్పుల దుమ్ము గడపకు కొట్టుకుంటూ సంఘం పెద్ద కుళ్ళాయప్ప లోపలికి వచ్చాడు. చేతిలో వేళ్లతో సహా పెరికిన ఒక చెనిక్కాయ చెట్టు. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"చూడు పాపా. కాయ పట్టే ఊడలు దిగి నేలను తాకి, లోపలికి పోలేక వంకర తిరిగి ఎండతా ఉండాయి. నేల నేల మాదిరి లేదు, ఇనప రేకు. ఈ పొద్దు ఒక్క పదును వాన పడితే కాయ. లేదంటే కసువు."

"తెలుసు చిన్నాయనా."

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఊరికి మటుకు ఓపిక లేదు. సాయంత్రం పంపకంలో మబ్బు రాలేదంటే రేపట్నించి కుండ సోదెమ్మ చేతికే ఇస్తామంటా ఉండారు. మర అయితే అలవదు, నిద్రపోదు అని ఒకటే గోల. నేను ఎంతవరకని అడ్డం నిలబడేది?"

వన్నూరమ్మ చెట్టును తిప్పి చూసింది. ఆకు ఇంకా మడవలేదు. కొన్ని ఊడల మొనలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. సాయంత్రం దాకా ఓర్చుకుంటుంది, అంతకుమించి చెప్పలేం.

చెట్టు పక్కన పెట్టి తెర వైపు తిరిగేసరికి దండెం అడుగు వరసలో ఒక రాత కనిపించింది. ఆకుపచ్చగా, ఒక్క వేలు కూడా పడకుండా. గొల్లపల్లి పుల్లన్న అనే ఆయన రాసింది.

"మాది గొల్లపల్లి. చెనిక్కాయ ఊడలు గాలిలోనే ఎండతా ఉండాయి. ఆకు మడిసింది. ఈ మద్యానం లోపల పదును తగలకుంటే చేన్లోకి పసులను తోలేదే. ఇంగేమి రాయాల్నో నాకు తెలీదు."

"ఏనుగు సూచన లేదు," అంది సోదెమ్మ. "వదిలేయవచ్చు."

వన్నూరమ్మ వదల్లేదు. గొల్లపల్లి వాళ్లు తమకంటే ముందు విత్తారు. వాళ్ల చేను తమ చేను కంటే ముందుంది. ఆకు మడిచిందంటే అక్కడికి మధ్యాహ్నమే చివరి గడువు. చేను భాషలో ఆలోచించగానే ఆమె చెయ్యి తెర మీద ఆగిపోయింది. కలుపుకైనా కోతకైనా ఈ ప్రాంతంలో ముయ్యికి పోతారు. ఎవరి చేను ముందు పదునుకు వస్తే అందరూ ఆ చేలో దిగుతారు. కూలి అడగరు. తమ చేను వచ్చినప్పుడు వాళ్లు వస్తారు, అంతే. నిన్న చేసినదానికి ఈరోజే బదులు కావాలని ఎవరూ గట్టున నిలబడి అడగరు.

దండెం మీద గుంపులను పట్టే మర ఒకటుంది. కూడబలుక్కుని ఒకరి రాతల మీద ఒకరు దోరలో వేలు పెట్టి మెప్పు పంచుకునేవాళ్లను పట్టి, కుండకు కోత పెడుతుంది. పచ్చిలో పెట్టేవాడి జోలికి మాత్రం పోదు. పచ్చిలో పెడితే పెట్టినవాడికి దక్కేదేమీ లేదు గదా. లాభానికి గుంపు కట్టేవాళ్ల కోసం ఉచ్చులన్నీ పన్నారు గాని, నష్టానికి గుంపు కట్టే జనం ఉంటారని ఆ నిబంధనలు రాసినవాళ్లకు తట్టలేదు.

ఆమె మనసులో లెక్క వేసింది. ఏనుగు పాదం బరువే. అయితే తాలూకాలోని చిన్న వేళ్లన్నీ ఒకేచోట పడితే అంతకంటే తేలికేమీ కాదు.

పుల్లన్న రాత మీద బొటనవేలు ఆనించింది. తీయలేదు. కుండ సగమైంది, పావైంది, అడుగు కనిపించింది.

కుళ్ళాయప్ప స్టూలు మీంచి లేచాడు. "పాపా! కుండ! ఏం చేస్తా ఉండావు?"

"ముయ్యికి పోయినా చిన్నాయనా."

"ఎవురిని అడిగి పోయినావు?"

"ముయ్యికి పోయేటప్పుడు ఎవురన్నా అడుగుతారా? ముందు పదునుకొచ్చిన చేనుకు ముందు."

"అది చేను మ్మా! ఇది దండెం!" ఆయన తెర వైపు చెయ్యి విసిరాడు. "చేన్లో మనిషి మొకం చూసి సిగ్గుకైనా బదులు తీరుస్తాడు. ఈడ మొకాలు యాడుండాయి? ఊరి ఊపంతా తీసుకపోయి ఎవురి దొడ్లోనో కుమ్మరిస్తివే!"

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. ఏరుగాళ్లు తమలో తాము మాట్లాడుకుంటే గుంపు అంటారు. మాట్లాడకూడదు. రాత కింద అందరూ చూసేలా రాయడానికి అడ్డం లేదు. కాబట్టి అక్కడ ఒక్క ముక్క రాసి పెట్టింది: "ఎర్రగుట్ట నుంచి ముయ్యికి వచ్చినాం." ఆ మాట సోదెమ్మ పుస్తకాల్లో లేదు కాబోలు, ఏమీ గొణగలేదు.

కాసేపటిదాకా ఏమీ జరగలేదు. తాలూకా ఏరుగాళ్లంతా ఆమె వేలును చూసే ఉంటారు. ఒకరి వేలును ఒకరు చూడటమే కదా వాళ్ల బతుకు. పిచ్చి పట్టిందనుకున్నారో, పొరపాటున తగిలిందనుకున్నారో!

అంతలో పుల్లన్న రాత మీద మరో వేలు పడింది. దాసరికుంటది. పచ్చిలోనే. కుండ మొత్తం కాదు, ఒక గుప్పెడు. దాని కింద ఒక మాట: "మేమూ వచ్చినాం."

తరువాత నల్లచెలిమ. ఆ తరువాత వన్నూరమ్మ ఎప్పుడూ వినని ఊళ్లు. అన్నీ గుప్పెడు గుప్పెడే, అన్నీ పచ్చిలోనే. పుల్లన్న రాత అడుగు వరస నుంచి లేచి, మట్టివాసనను దాటుకుని, దండెం పైకి ఎక్కి కూర్చుంది.

"సూచన సవరిస్తున్నాను," అంది సోదెమ్మ. మళ్లీ అంది. మూడోసారి మాట మధ్యలోనే ఆగింది. గుంపు మర వచ్చి రాత చుట్టూ ప్రదక్షిణ చేసి, 'లాభం పొందినవారు లేరు, కోత లేదు' అని ముద్ర వేసి పోయింది. ఏనుగులు కదిలి వచ్చేసరికి రాత ఎర్రగా పండిపోయింది. వాటికి దక్కింది బెండు.

మధ్యాహ్నం పంపకంలో మబ్బుబండి గొల్లపల్లి వైపు మళ్లింది. గుట్ట మీదికెక్కి చూసిన వాళ్లకు దాని వెండి పొట్ట కింద వాన తెరలు వేలాడటం కనిపించింది.

"వాళ్లకు పడింది," అన్నాడు కుళ్ళాయప్ప. "మనకో?"

"మనమూ ముయ్యికి పిలవాల్ల గదా," అంది వన్నూరమ్మ.

ఎర్రగుట్ట తరపున రాత రాయాలి. కుళ్ళాయప్పకు పాత భయం పోలేదు. "రవ్వంత సింగారించి రాయి మ్మా. తల్లి భూదేవి దప్పిక అనో ఏదో. ఏనుగులకన్నా నచ్చుతాది."

"ముయ్యికి పిలిచేటప్పుడు పద్యాలు పాడతామా చిన్నాయనా?"

ఆమె రాసింది ఇంతే: "మాది ఎర్రగుట్ట. ఊడలు దిగినాయి, నేల గట్టిగా ఉంది. సాయంత్రానికి పదును కావల్ల. రాండి."

దండెం మీద దాన్ని వేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ వేలిని చీర కొంగులో చుట్టుకుంది. కుండ ఖాళీ. ఇక ఆమె చేయగలిగింది లేదు. చేలో అయితే దారి వైపు చూస్తే దుమ్ము లేవడం కనిపిస్తుంది, వస్తున్నారని తెలుస్తుంది. ఇక్కడ చూడటానికి దారి కూడా లేదు.

మొదటి వేలు గొల్లపల్లిది. గుప్పెడు కాదు, కుండ మొత్తం బోర్లించారు. కింద పుల్లన్న మాట: "తడిసిన బట్టలతోనే వచ్చినాం అక్కా."

కుళ్ళాయప్ప తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకీ అయిపోలేదు.

దాసరికుంట వచ్చింది. నల్లచెలిమ వచ్చింది. వేళ్ల పేర్లు చదవడం చంద్రక్క వంతయింది. కిటికీ బయట ఆడవాళ్లు మూగారు, ఆమె ఒక్కో ఊరి పేరు పెళ్లిలో చదివింపుల మాదిరి గొంతెత్తి చదివింది. పేరు పేరుకూ వెనక నుంచి ఈలలు. అందరికంటే ఆఖరున, మొన్ననే తడిసిన ఊరు, ఎవరికీ బాకీ లేని ఊరు, బొమ్మనకుంట కూడా పచ్చిలోనే వేలు పెట్టింది.

"కన్నున్న వేలు!" చంద్రక్క కేక పెట్టింది. "ఆ కన్ను ఇన్నాళ్లకు తెరుచుకున్నెట్లుంది!"

సాయంత్రం పంపకంలో మబ్బుబండి ఎర్రగుట్ట మీదికి వచ్చింది. వాన మొదట చేల మీద పడి, ఆపైన ఊరిని ముంచింది. జనం ఇళ్లలో నిలవలేదు. ముసలివాళ్లు అరుగుల మీంచి కాళ్లు చాపి తడుపుకున్నారు. కుళ్ళాయప్ప చేలో మోకాళ్ల మీద కూర్చుని, బురదలోకి వేలు గుచ్చి, ఊడ దిగిన చోటు చూపిస్తూ కనిపించినవాళ్లనల్లా పిలిచాడు. సంఘం కొట్టు వసారాలో మాత్రం అప్పుడే తగువు మొదలైంది. రేపు ముందు దాసరికుంటకు పోవాలా, నల్లచెలిమకా? ఎవరి పైరు ఏ దశలో ఉందో, ఎవరి నేల ఎంత గట్టిదో, ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటున్నారు. ఏనుగుల ఊసు ఎవరూ ఎత్తలేదు. లోపల సోదెమ్మ, వినేవాళ్లు లేక, గొణగడం మానేసింది.

అప్పుడు ఫోను మోగింది. దండెం కార్యాలయం నుంచి ఒక మనిషి. మర్యాద గల గొంతు. వన్నూరమ్మ వాన చప్పుడుకు ఒక చెవి మూసుకుని వింది.

"మీ తాలూకా మొత్తం ఇవాళ పచ్చిలోనే వేలు పెట్టిందండి. సోదెమ్మ అంచనాలు ఎక్కడా కుదరడం లేదు. మేడల నుంచి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. మీరు ఏ నిబంధనా దాటలేదు, అది ఒప్పుకుంటాను. కానీ పెట్టిన ప్రతి వేలుకూ మీ అందరికీ నష్టమే వచ్చింది. తెలిసి తెలిసి ఎందుకు నష్టపోయారో మేము కారణం రాసుకోవాలి. ఏమని రాయమంటారు?"

వసారాలో వాదించేవాళ్లు గడప దగ్గరికి వచ్చారు. అందరూ ఆమె వైపు చూశారు.

"నష్టం మాది గదా సార్," అంది వన్నూరమ్మ, "నొప్పి మీకెందుకు?"