నీళ్లు చల్లే మలుపు

పాకాల దాటి నాలుగు మైళ్లు పోతే రోడ్డు మామిడితోటల్లోకి దూరి, ఒక చప్టా దిగి, ఎడమపక్కకు ఒక్కసారిగా తిరుగుతుంది. ఆ మలుపులో రోడ్డుకు ఆనుకునే పాత నేలబావి ఉంది. చుట్టూ గట్టు లేదు. పగలు చూస్తే తుమ్మకంపా, పాచినీళ్లూ తప్ప ఇంకేమీ కనపడవు. చీకటి పడితే మాత్రం ఆ చోటు మంచిది కాదంటారు.

అక్కడి దెయ్యం ఏం చేస్తుందయ్యా అంటే — నీళ్లు చల్లుతుంది. అంతే. గొంతు పిసకదు, వెంటపడదు. చలికాలంలో, వాన చుక్క లేని రాత్రి, బండి మీద పోయేవాడి మొహాన ఐసులాంటి నీళ్లు ఛెళ్లున పడతాయి. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. టమాటాలు తోలే ఆటో ఆయన మీద పడ్డాయి. పెళ్లిలో సన్నాయి ఊది వస్తున్న ఇద్దరి మీద పడ్డాయి. బావిలో పడి చచ్చినవాడెవడో తడిసిన ఒళ్లు విదిలించుకుంటున్నాడని జనం తేల్చేశారు.

ఇదంతా మునిలక్ష్మికి తెలుసు. ఆ రోడ్డునే ఇంకో పది మైళ్లు పోతే వాళ్ల ఊరు.

రెండువేల ఒకటో సంవత్సరం, డిసెంబరు నెల. సూళ్లూరుపేటలో వాళ్లక్కకు కడుపులో ఆపరేషనైతే, మునిలక్ష్మీ, ఆమె మొగుడు ఎల్లప్పా మోటారు సైకిలు మీద పోయి ఆరు రాత్రులు ఆస్పత్రి వరండాలో పడుకున్నారు. పడుకున్నారన్న మాటే గాని నిద్రెక్కడిది... ఏడోరోజు అక్కను ఇంట్లో దింపి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం కట్టారు. ఊళ్లో వాళ్ల మూడు ఆవులకూ పక్కింటావిడ పాలు పిండుతోంది. తెల్లారితే ఆమె మద్రాసు బస్సెక్కుతుంది. ఆలోగా చేరాలి.

నాయుడుపేటలో టీ తాగారు. కాళహస్తిలో చక్రం గాలి పోతే పంక్చరేయించుకునేసరికి పొద్దు గుంకింది. తిరుపతిలో, అలిపిరి నుంచి వచ్చే యాత్రికుల గుంపులు దాటుతుంటే బండి ఆపినప్పుడు, మునిలక్ష్మి మెల్లగా అంది —

"మా చిన్నాయన ఇల్లు ఈడనే గదా. రవ్వంత పండుకోని పోదామయ్యా."

"పాలెవురు పిండతారు, నువ్వు పోయి పిండతావా?"

అలిసిపోయినవాళ్ల జగడం అట్లానే ఉంటుంది, ఒక్క మాటతో అయిపోతుంది. చంద్రగిరిలో ఇడ్లీలు తిన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. పాకాలలో ఇంకో టీ. గ్లాసు పట్టుకునే ఎల్లప్ప ఒక్క కునుకు తీయడం ఆమెకు కనపడింది. లేచి, తన స్వెట్టరు విప్పి ఆమెకు తొడిగించాడు.

పాకాల దాటాక మంచు దిగింది. రోడ్డు మీద వీళ్లు తప్ప ఎవరూ లేరు. ఎల్లప్ప వీపుకు చెంప ఆనించింది. ఆ వీపు వెచ్చగా ఉంది. ఇంజను శబ్దం ఎక్కడో దూరంగా, వేరేవాళ్ల బండిదేమో అన్నట్టు...

ఛెళ్లున పడ్డాయి నీళ్లు.

చెవిలోకి, మెడలోకి, రవిక లోపలికి. బండి ఉలిక్కిపడినట్టు అటు విసిరి ఇటు విసిరి, కంకర మీద జారి ఆగిపోయింది. ఇంజను ఆగింది. లైటూ పోయింది.

చీకటి.

ముందు చక్రం కింద నుంచి ఒక రాయి దొర్లింది... చాలాసేపటికి, కింద ఎక్కడో, బుడుంగుమంది.

"మే," అన్నాడు ఎల్లప్ప. "కదలొద్దు. బావి."

ఇద్దరూ మెల్లగా వెనక్కి దిగారు. బండిని మూరెడు వెనక్కి లాక్కున్నారు. ఎల్లప్ప కిక్కు కొట్టాడు. లేవలేదు. ఇంకోసారి. లేవలేదు.

"అదే... అదే మే. ఆ చోటే ఇది. తోసుకోని పోదాం పా."

మునిలక్ష్మి కదల్లేదు. భయం లేక కాదు. భయపడడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, అది అయిపోయింది. నిలబడిన చోటే నిలబడి వింటోంది.

చప్టా పక్కన రాళ్లకుప్ప. దాని వెనక ఎవరో — దగ్గారు.

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, అణిచిపెట్టుకుని దగ్గిన దగ్గు.

మునిలక్ష్మి అటు నడిచింది. ఎల్లప్ప ఆమె కొంగు పట్టుకున్నాడు. కొంగు జారింది.

రాళ్లకుప్ప వెనక గోనెసంచి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. తలకు తువ్వాలు, ఒంటి మీద దుప్పటి. ముందు బకెట్టు, బకెట్టులో చెంబు.

"దెబ్బలేం తగల్లేదు గదా పాపా?" అంది గుసగుసగా.

వెనక నుంచి ఎల్లప్ప అన్నాడు. "ఎవురవ్వా నువ్వు? మనిషివేనా?"

"మనిషినే నాయనా. తిరుమలమ్మ నా పేరు. ఈ తోటకు కావలుంటాను."

"నీళ్లెందుకు సల్లినావు?"

"నిదరపోతా వస్తావుంటివి గదా."

"నేను నిద్రపోలా."

"అందరూ అదే అంటారు."

ఎల్లప్ప తల వంచుకున్నాడు.

తిరుమలమ్మ చెప్పింది. ఆమె కొడుకు చెంగయ్య టమాటా బుట్టలు మార్కెట్టుకు తోలేవాడు. తొమ్మిదేళ్ల కిందట, ఇట్లాంటి చలిలోనే, రెండు రాత్రులు వరసగా తోలి వస్తూ వస్తూ తిన్నగా బావిలోకి పోయాడు.

"తాగినాడన్నారు. నా బిడ్డ తాగడు పాపా. నిదర... నిదరే." బకెట్టులో చెంబు సర్దింది. "ఆ ఎనక లాంతరు పట్టుకోని అరిసి సూసినా. ఎవురూ ఆగలా. రాత్రిపూట ఆడమనిషి రోడ్డు మీద నిలబడితే ఇంకోరకంగా అనుకున్నారు. నీళ్లయితే మాట్లాడే పని లేదు."

"అందరి మీదా సల్లతావా?"

"యాల సల్లతా? లైటు కుదురుగా వస్తే వాణ్ని పోనిస్తా. అటూ ఇటూ ఊగతా వస్తేనే."

"మరి దెయ్యమంటా ఉండారే ఊరంతా," అన్నాడు ఎల్లప్ప.

"బండి మీద నిదరపోతినని ఎవురు సెప్పుకుంటారు నాయనా. దెయ్యమంటే మర్యాద." ఆ మాటకు ఆమె నవ్వలేదు. "పో, గుడిసెలో రెండు గంటలు పండుకో. ఆవులుండాయా? అవి యాడికీ పోవు."

ఆవుల సంగతి ఎట్లా తెలిసిందని అతను అడగలేదు. ఆ పక్క ఆవుల్లేని ఇల్లుండదు. పోయి, చెప్పులు కూడా విప్పకుండా చాప మీద ఒరిగాడు. నిమిషంలో గురక.

మునిలక్ష్మి ముసలామె పక్కన గోనెసంచి మీద కూర్చుంది. తడిసిన ఒళ్లు వణుకుతోంది. తిరుమలమ్మ దుప్పటి కొస ఆమె మీదికి లాగింది. మామిడాకుల మీద నుంచి మంచు టపటపా రాలుతోంది.

ఎంతసేపైందో... దూరంగా లైటు. ఒంటి లైటు.

కుదురుగానే వస్తోంది. కాసేపు. తరవాత కుడికి ఒరిగింది. సర్దుకుంది. మళ్లీ కుడికి...

తిరుమలమ్మ చెంబు ముంచింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. "పట్టేసింది పాపా. ఈ పొద్దు మీరే మూడోవాళ్లు. నువ్వు సల్లు."

"పడిపోతే అవ్వా?"

"చప్టా కాడ అందరూ మెల్లగ దిగతారు. చెవి పక్కన కొట్టు. కండ్లల్లో కొట్టొద్దు."

లైటు చప్టా దిగింది. వేగం తగ్గింది గాని తిరగడం లేదు. మలుపు ఎడమకు పోతోంది, బండి తిన్నగా బావి మీదికే వస్తోంది. మునిలక్ష్మి చెంబు అందుకుని రోడ్డు మీదికి ఉరికింది. తోలేవాడి తల ఎద మీదికి వాలి ఉంది. వాడి ముందు, పెట్రోలు ట్యాంకు మీద, శాలువా చుట్టిన పసిబిడ్డ.

కొట్టింది.

"అమ్మా —" అని ఒక్క కేక. హ్యాండిలు గిరుక్కున తిరిగింది, చక్రం బావి అంచును ఒరుసుకుంటూ పోయింది. వాడు ఒక్కసారి వెనక్కి చూశాడు. చూసి, దౌడు తీశాడు. బిడ్డ ఏడుపు ఆ మలుపు దాటి, తోట దాటి, సన్నగా వినిపిస్తూ పోయింది. వెనక ఎర్రలైటు ఎక్కడా ఊగలేదు.

మునిలక్ష్మి అది కనపడకుండా పోయేదాకా చూసి, వచ్చి కూర్చుంది. బకెట్టు తన వైపుకు లాక్కుంది.

మర్నాడు పాకాల టీకొట్టులో చంకలో బిడ్డతో ఒకాయన చెప్పాడట — ఈసారి నేను దెయ్యాన్ని కళ్లారా చూశానప్పా, అని. ఎట్లా ఉందని అందరూ చుట్టూ మూగారు. కోరలా? తిరగబడిన పాదాలా?

"అట్లాంటివేం లేవు," అన్నాడట ఆయన, చాలాసేపు ఆలోచించి. "మగోళ్ల స్వెట్టరేసుకోనుంది. పాపం... బాగా అలిసిపోయినట్టుంది."